పచ్చళ్ళ ఆర్డరు, మేజర్ గారు, పోయిన 37,998

మీ ప్రశ్న చదివానమ్మా. నాకు అర్థమైంది ఇదీ. రాజమండ్రిలో ఇంటి దగ్గరే పచ్చళ్ళు పెట్టి వాట్సాప్‌లో అమ్ముతున్నారు. సికింద్రాబాద్ కంటోన్మెంట్ నుంచి మేజర్‌నంటూ ఒకడు ఫోన్ చేసి 20 కిలోల ఆవకాయ కావాలన్నాడు. యూనిఫాంలో ఉన్న ఫొటో, ఐడీ కార్డు పంపాడు. సప్లయర్‌గా నమోదు చేయాలని మీ ఆధార్, పాన్ ఫొటోలు తీసుకున్నాడు. ‘ఆర్మీ ఖాతాల పద్ధతి వేరు, ముందు మీరు 5 రూపాయలు పంపితే మా వైపు నుంచి రెట్టింపు పడుతుంది’ అన్నాడు. 5 పంపితే నిజంగానే 10 వచ్చాయి. ఆ తర్వాత క్యూఆర్ కోడ్‌లు పంపి, 18,999 చొప్పున రెండుసార్లు లాగేసి ఫోన్ ఆపేశాడు. ఇది నిన్న మధ్యాహ్నం జరిగింది. పరువు పోతుందని ఇంకా ఎవరికీ చెప్పలేదు. డబ్బు వస్తుందా, మళ్ళీ ఇలా జరగకుండా ఏం చేయాలి, ఆ ఆధార్, పాన్‌తో ఇంకేం ముప్పుంది అని మీ ప్రశ్నలు.

ముందు ఒక పని చేయండి. ఇది చదవడం ఆపి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

అక్కడ మీ బ్యాంకు పేరు, డబ్బు పోయిన సమయం, అవతలివాడి ఫోన్ నంబరు, యూటీఆర్ నంబరు అడుగుతారు. యూటీఆర్ అంటే ఆ లావాదేవీ గుర్తింపు నంబరు, 12 అంకెలుంటుంది, యాప్‌లో ఆ లావాదేవీ మీద నొక్కితే కనిపిస్తుంది. మీకు రెండు లావాదేవీలున్నాయి కాబట్టి రెండు నంబర్లూ విడివిడిగా చెప్పండి. కంగారులో చాలామంది ఒక్కటే చెప్పి మొత్తం సొమ్ము కలిపేస్తారు, తర్వాత లెక్క కుదరదు. లైన్ దొరక్కపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో మీరే నమోదు చేయొచ్చు. వచ్చిన ఫిర్యాదు నంబరు కాగితం మీద రాసుకుని మీ బ్యాంకు బ్రాంచికి వెళ్ళి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. నేను 24 ఏళ్ళు బ్యాంకులో పనిచేసి మేనేజరుగా రిటైరయ్యాను, ఇప్పుడు గుంటూరులో పది పన్నెండు షాపుల లెక్కలు చూస్తుంటాను. ఆ ముద్ర ఉన్న కాగితం విలువ కౌంటర్‌కి రెండు వైపులా నిలబడ్డవాడిగా చెబుతున్నాను. వాట్సాప్ చాట్ మాత్రం కోపంలో చెరిపేయకండి, మీ దగ్గరున్న సాక్ష్యం అదే.

ఇంత తొందర ఎందుకంటే, మీ డబ్బు ఒకచోట కూర్చుని ఉండదు. మొదట పడిన ఖాతా, కమీషన్‌కి ఆశపడి ఖాతా అద్దెకిచ్చిన ఏ కుర్రాడిదో అయి ఉంటుంది. అక్కడి నుంచి ముక్కలై ఇంకో నాలుగు ఖాతాల్లోకి వెళ్ళి, చివరికి ఏటీఎంలో నోట్లుగా బయటికొస్తుంది. 1930లో నమోదైన సమాచారం ఆ దారి వెంబడి బ్యాంకు నుంచి బ్యాంకుకు వెళుతుంది. ఎక్కడ ఎంత మిగిలి ఉంటే అంత ఆపుతారు. మొదటి గంటలో చెప్పినవాళ్ళకీ ఒక రోజు తర్వాత చెప్పినవాళ్ళకీ తేడా బాగా ఉంటుంది. అలాగని ఇప్పుడు చెప్పడం దండగ కాదు, ఏదో ఒక ఖాతాలో నాలుగు వేలు మిగిలినా అది మీదే.

డబ్బు వస్తుందా అంటే, ఉన్నది ఉన్నట్టు చెబుతాను. 2017 జులైలో రిజర్వు బ్యాంకు తెచ్చిన నిబంధనల ప్రకారం తప్పు మీదీ బ్యాంకుదీ కాక మధ్యలో ఇంకెక్కడో జరిగి, మూడు పనిదినాల్లోపు మీరు చెబితే నష్టం మీది కాదు. మీ విషయంలో పిన్ మీ చేతులతోనే కొట్టారు. కాబట్టి బ్యాంకుకు చెప్పేవరకు పోయినది మీ ఖాతాలోనే రాస్తారు, చెప్పిన తర్వాత పోతే బ్యాంకుది. ఆ లెక్కన మీ ఆశంతా ఎక్కడైనా ఆగిన సొమ్ము మీదే. అది చేతికి రావాలంటే ఇదివరకు కోర్టు ఉత్తర్వు కావాల్సి వచ్చేది, 2026 జనవరిలో కేంద్రం ఆమోదించిన పద్ధతిలో 50 వేల లోపు సొమ్ముకి అది అక్కర్లేదు. తెలంగాణలో ఇలా ఆగిన డబ్బును లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు ఇప్పిస్తున్నారు. మీ కేసు చూసే సైబర్ విభాగంలో ఈ మాట అడగండి.

ఇక అసలు సంగతి. ‘ఇంత చదువుకుని ఎలా మోసపోయానా’ అని రాశారు. చదువుకీ దీనికీ సంబంధం లేదమ్మా. జాతరలో మూడు ముక్కలాట ఆడించేవాణ్ణి చూసే ఉంటారు. మొదటి పందెం మనల్నే గెలిపిస్తాడు. ఆ 5 రూపాయలకు 10 రావడం అదే. మీ ఆశ కంటే ఎక్కువగా వాడు వాడుకున్నది మీ మొహమాటాన్ని. అంత పెద్దాయన, దేశం కోసం పనిచేసేవాడు, ఫోన్‌లో ‘క్విక్ క్విక్’ అంటుంటే ‘ఒక్క నిమిషం ఆగండి, మా వాళ్ళని అడుగుతాను’ అనడానికి మనకి నోరు రాదు. ఇన్నేళ్ళలో నేను చూసిన షాపుల మోసాల్లో సగానికి సగం టెక్నాలజీ వల్ల జరిగినవి కావు, కాదనలేక జరిగినవి.

అందుకే నా షాపుల వాళ్ళకి చెప్పేది ఇదే. కాదనే పని మనిషి మీద పెట్టకండి, పద్ధతి మీద పెట్టండి. తెనాలిలో ఒక మందుల షాపులో సాయంత్రం రద్దీలో కుర్రాళ్ళు స్క్రీన్‌షాట్ చూపించి వెళ్ళిపోయేవాళ్ళు. అచ్చం పేమెంట్ యాప్‌లా కనిపిస్తూ, ఆకుపచ్చ టిక్కు, మన షాపు పేరు, అంకె అన్నీ చూపించే దొంగ యాప్‌లు కూడా ఉన్నాయి. కౌంటర్‌లో పిల్లాడికి 19 ఏళ్ళు. ‘సౌండ్ బాక్స్ మోగలేదు సార్’ అంటే ‘నేను దొంగలా కనిపిస్తున్నానా’ అని కస్టమర్ గదమాయిస్తాడు, వీడు మందులిచ్చేస్తాడు. రాత్రి లెక్క తేలదు, ఓనరు వీడి జీతంలో కోస్తాడు. చివరికి ఒక బోర్డు రాయించాం: ‘సౌండ్ బాక్స్ చెప్పాకే సరుకు. మా అన్నయ్య వచ్చినా ఇదే పద్ధతి.’ ఆ రెండో వాక్యం ఓనరు సరదాగా పెట్టించాడు, కానీ పనిచేసింది అదే. ఇప్పుడు పిల్లాడు నోరెత్తక్కర్లేదు, వేలు చూపిస్తే చాలు. జీతంలో కోయడం కూడా మాన్పించాను. కోత పడుతుందని భయపడే పిల్లాడు తప్పు జరిగినప్పుడు దాచిపెడతాడు.

సౌండ్ బాక్స్ కూడా వేదవాక్కు కాదు. సిగ్నల్ లేకపోయినా ఛార్జింగ్ అయిపోయినా మూగబోతుంది. అప్పుడు కౌంటర్‌లో ఉన్న వ్యాపార యాప్‌లో చూడాలి. అదీ తేలకపోతే సరుకు పక్కన పెట్టి ‘పడగానే ఇస్తాను’ అనాలి. మీకు షాపు లేదు, ఫోనే కౌంటర్. కాబట్టి మీ విషయంలో ఇది ఇంకా తేలిక. కొరియర్‌కి డబ్బా కట్టే ముందు బ్యాంకు యాప్ తెరిచి ఖాతాలో ఆ సొమ్ము ఉందో లేదో చూడాలి. మెసేజ్ చూసి కాదు. ‘మీ ఖాతాలో 20,000 జమ’ అని మామూలు మొబైల్ నంబరు నుంచి మెసేజ్ కొట్టి, ‘అయ్యో, 2,000 బదులు 20,000 పంపాను, మిగతాది వెనక్కి పంపండి’ అని బతిమాలేవాళ్ళు ఉన్నారు. ఏడుస్తారు కూడా. నిజంగానే పొరపాటున డబ్బు పడినా సరే, చెప్పిన కొత్త నంబరుకు మీరు పంపకండి. ‘మీ బ్యాంకులో ఫిర్యాదు చేయండి, మా బ్యాంకు అడిగితే వెనక్కి ఇస్తాను’ అనండి. ఇది కఠినంగా అనిపిస్తుంది. ఎందుకో కిందకి వచ్చాక తెలుస్తుంది.

పిన్ గురించి ఒక్క మాట గోడ మీద రాసుకోండి: డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టామంటే డబ్బు మన దగ్గర నుంచి పోతున్నట్టే, అవతల సైన్యమైనా సర్కారైనా. ఇద్దరు వ్యక్తుల మధ్య ‘డబ్బు పంపు’ అనే రిక్వెస్ట్ పద్ధతిని, యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి యూపీఐలో తీసేసింది. క్యూఆర్ మాత్రం దొంగల చేతిలో ఇంకా ఉంది. స్కాన్ చేయగానే అవతలి ఖాతాదారు అసలు పేరు, అంటే బ్యాంకులో ఉన్న పేరు, యాప్‌లో కనిపిస్తుంది. మీ మేజర్ గారి పేరు, స్క్రీన్ మీద వచ్చిన పేరు ఒకటేనా? కాదనే పందెం కాస్తాను.

క్యూఆర్ స్టిక్కర్ పెట్టుకున్న షాపులవాళ్ళకి ఇంకో సంగతి. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌లోని ఖజురహోలో రాత్రికి రాత్రే కొన్ని దుకాణాల ముందున్న క్యూఆర్ స్టిక్కర్ల మీద వేరేవి అంటించారు. అందులో పెట్రోల్ బంకు కూడా ఉంది. కస్టమర్లు మామూలుగానే స్కాన్ చేశారు, డబ్బు ఇంకెవరికో పోయింది. పొద్దున షట్టర్ ఎత్తి దేవుడికి దీపం పెట్టాక, మన క్యూఆర్‌ని మనమే ఒకసారి స్కాన్ చేసి పేరు చూసుకోవాలి. పది సెకన్ల పని.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి చెబుతాను. నా అనుభవంలో చిన్న వ్యాపారిని 38 వేలు పోవడం కంటే ఎక్కువగా కుంగదీసేది ఖాతా ఆగిపోవడం. నేను లెక్కలు చూసే ఒక ఫ్యాన్సీ షాపుకి ఒకరోజు ఎవరో వచ్చి, ‘అర్జెంటుగా క్యాష్ కావాలి, 15 వేలు స్కాన్ చేస్తా, 200 మీరు ఉంచుకుని మిగతాది ఇవ్వండి’ అన్నాడు. సౌండ్ బాక్స్ మోగింది, డబ్బు నిజంగానే పడింది, వీళ్ళు నోట్లిచ్చారు. రెండు వారాల తర్వాత కరెంటు ఖాతా మొత్తం ఆగింది. ఎక్కడో వేరే రాష్ట్రంలో మోసపోయిన ఒకాయన డబ్బు చేతులు మారి మారి ఈ షాపు ఖాతాలో తేలింది. ఆయన 1930కి ఫోన్ చేశాడు, ఇందాక మిమ్మల్ని చేయమన్నట్టే. దొంగేమో నోట్లు పట్టుకుని పోయాడు, పోలీసుల లెక్కలో సొమ్ము ఆగింది షాపు దగ్గర. జీతాలివ్వాల్సిన వారం, 20వ తేదీకి జీఎస్టీ రిటర్న్ కట్టాలి, సూరత్ హోల్‌సేలర్‌కిచ్చిన చెక్కు వెనక్కొచ్చింది. తేలడానికి రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఆయనకి నిద్ర లేదు, నాకూ ఆ టెన్షన్ తగిలింది.

కాబట్టి స్కాన్ చేయించుకుని క్యాష్ ఇచ్చే పని ఎవరికీ చేయొద్దు, బంధువులకి తప్ప. అమ్మిన ప్రతిదానికీ బిల్లు ఉండాలి, మీలాంటివాళ్ళకి చేతిరాత బిల్లు బుక్కైనా చాలు. కొరియర్ రసీదు, కస్టమర్ చాట్ ఒక్క చోట దాచండి. ఎప్పుడైనా ఖాతా ఆగితే బ్రాంచిలో అరవకండి. అది వాళ్ళు చేసింది కాదు, పోలీసుల నుంచి వచ్చినది. మూడు వివరాలు రాతపూర్వకంగా అడగండి: ఫిర్యాదు నంబరు, ఏ ఊరి స్టేషన్, వివాదంలో ఉన్న సొమ్ము ఎంత. ఆ తర్వాత ఆ స్టేషన్‌కి బిల్లు, డెలివరీ రుజువు జతచేసి ఈమెయిల్ రాసి, వివాదంలో ఉన్న సొమ్ము వరకే ఆపి మిగతా ఖాతా వదలమని కోరండి. పోలీసులు ఖాతా ఆపేది పాత సీఆర్‌పీసీ స్థానంలో ఇప్పుడు అమల్లో ఉన్న చట్టం, బీఎన్ఎస్ఎస్ 106వ సెక్షన్ కింద. ఎంతకీ తేలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్ళే దారి ఉంది, ఆ దశలో ఒక వకీలును పెట్టుకోండి.

దీనికి ముందే చేసుకోగల జాగ్రత్త ఒకటి ఉంది. ఇంటి ఖాతా, వ్యాపారం ఖాతా వేరు చేయండి. మీరు పిల్లల ఫీజులు, బంగారం చీటీ, పచ్చళ్ళ డబ్బు అన్నీ ఒకే సేవింగ్స్ ఖాతాలో నడుపుతున్నట్టు మీ రాతలోనే తెలుస్తోంది. వ్యాపారానికి ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచి, యూపీఐ దానికే తగిలించి, వారానికోసారి అవసరమైనంత ఉంచి మిగతాది ఇంటి ఖాతాకి తరలించండి. దొంగ చేయి పెట్టినా, ఖాతా ఆగినా ఆ చిన్న మొత్తంతో ఆగుతుంది. చాలా బ్యాంకుల యాప్‌లలో రోజువారీ యూపీఐ పరిమితి మనమే తగ్గించుకోవచ్చు. మీకు రోజుకి 10 వేల కంటే ఎక్కువ పంపే అవసరం లేకపోతే అంతే పెట్టుకోండి.

ఆధార్, పాన్ సంగతికి వద్దాం. 1930 ఫిర్యాదులో ఈ రెండూ వాడి చేతికి వెళ్ళాయని తప్పకుండా రాయించండి. రేపు మీ పేరుతో ఎవరైనా అప్పు తీసుకుంటే, ‘నేను ఫలానా తేదీనే చెప్పాను’ అనడానికి ఆ కాగితం కావాలి. ఆధార్ యాప్‌లోగానీ వెబ్‌సైట్‌లోగానీ బయోమెట్రిక్ లాక్ చేయండి. లాక్ చేస్తే వేలిముద్రతో డబ్బు తీయడం కుదరదు. వేలిముద్ర వాడికెలా దొరుకుతుందంటారా? 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ డిస్ట్రిబ్యూటర్ భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీద ఉన్న వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, పెద్ద సంఖ్యలో సిమ్‌లు యాక్టివేట్ చేసి పట్టుబడ్డాడు. టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ పోర్టల్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూడండి, మీది కానిది కనిపిస్తే అక్కడే ‘నాది కాదు’ అని కొట్టొచ్చు.

పాన్‌తో పెద్ద ప్రమాదం దొంగ జీఎస్టీ రిజిస్ట్రేషన్. ఎవరో మీ పాన్‌తో ఒక సంస్థ పెట్టి, సరుకే లేని బిల్లులు కోట్లలో కొడతారు. ఏడాది తర్వాత నోటీసు మీ ఇంటికి వస్తుంది. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే పాన్ కొట్టి, దాని మీద ఏ రాష్ట్రంలో ఏ నంబర్లున్నాయో చూడొచ్చు. మూడు నెలలకోసారి చూడండి. క్రెడిట్ రిపోర్టు కూడా ఏడాదికోసారి ఒక్కో క్రెడిట్ బ్యూరో నుంచి ఉచితంగా వస్తుంది, మీరు తీసుకోని అప్పు, మీ పేరు మీద ఎవరో అప్పుకి పెట్టిన దరఖాస్తు అందులో కనిపిస్తాయి. ఇకపై ఎవరికైనా ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. జిరాక్స్ ఇస్తే దాని మీద అడ్డంగా ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇచ్చారో పెన్నుతో రాయండి. పచ్చళ్ళు కొనేవాడికి మాత్రం మీ ఆధార్‌తో ఏ పనీ లేదు. అన్నట్టు, చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం చేసే ఉద్యం రిజిస్ట్రేషన్ చేయిస్తామని మూడు నాలుగు వేలు అడిగే సైట్లు వెతకగానే పైన వస్తాయి. ప్రభుత్వ పోర్టల్‌లో అది పూర్తిగా ఉచితం.

అమెరికాలో ఉన్న మనవాళ్ళ నుంచి కార్డు ఆర్డర్లు తీసుకోవాలనుకుంటున్నానని చివర్లో రాశారు. మంచిదే, కానీ అక్కడి కార్డులకు మన దగ్గరిలా ప్రతిసారీ ఓటీపీ రాదు. దొంగిలించిన కార్డుతో కొన్నారనుకోండి, అసలు ఓనరు ఫిర్యాదు చేస్తే నెలల తర్వాత కూడా ఆ సొమ్ము మీ దగ్గర నుంచి వెనక్కి లాగుతారు. పచ్చడీ పోతుంది, కొరియర్ ఖర్చూ పోతుంది. కొత్త కస్టమర్ మొదటిసారే పెద్ద ఆర్డరు పెట్టడం, ఒక కార్డు ఫెయిలైతే వెంటనే ఇంకో రెండు ప్రయత్నించడం, కార్డు ఒక పేరు చిరునామా ఇంకోటి కావడం, ఇవి కనిపిస్తే పంపకముందే వీడియో కాల్ చేసి మాట్లాడండి. నిజంగా ఆవకాయ కోసం మొహం వాచిపోయిన మనిషైతే పావుగంట మాట్లాడతాడు, మీరు వద్దన్నా.

వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ, చలానా, ఇన్‌వాయిస్ అంటూ ఏపీకే ఫైల్, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైల్ వస్తే తెరవకండి. అది ఎక్కిందంటే మీ మెసేజ్‌లన్నీ, ఓటీపీలతో సహా, వాడు చదువుతాడు. మీరు నూనె, కారం తెప్పించుకునే సప్లయర్ ‘ఖాతా మారింది, ఇక నుంచి ఇందులో వేయండి’ అని మెసేజ్ పెడితే, పాత నంబరుకి ఫోన్ చేసి గొంతు విన్నాకే మార్చండి. ఇప్పుడు నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లో కూడా పంపే ముందు ఖాతాదారు పేరు చూసుకునే వీలుంది, దాన్ని వాడండి.

రెండు మూడు రోజుల్లో మీకు ఇంకో ఫోన్ రావచ్చు. ‘సైబర్ సెల్ నుంచి, మీ 37,998 దొరికింది, ప్రాసెసింగ్ ఫీజు 2,500 కడితే ఈరోజే వేస్తాం’ అంటారు. మీ పేరు, పోయిన అంకె పైసలతో సహా చెబుతారు, ఎందుకంటే అది కూడా ఆ మేజర్ ముఠానే. డబ్బు తిరిగి ఇవ్వడానికి ఏ పోలీసూ ఫీజు అడగడు. నంబరు రాసుకుని, మాట్లాడకుండా పెట్టేసి, అది కూడా ఫిర్యాదులో చేర్పించండి.

కలిపి పెట్టిన ఆ 20 కిలోల ఆవకాయ ఏం చేయాలో తెలియట్లేదన్నారు. నూనె పైకి తేలేలా పోసి జాడీలు కదపకుండా ఉంచండి, ఎండాకాలం దాటాక దానికి గిరాకీ ఇంకా పెరుగుతుంది. గుంటూరు కొరియర్ ఉంటే నాకు రెండు కిలోలు రాసుకోండి. డబ్బు ముందే పంపుతాను, ఖాతాలో పడిందో లేదో చూసుకున్నాకే డబ్బా కట్టండి.